కెనడా యూదుల మౌఖిక చరిత్రల తీరులో మన నేతపనివాళ్ల మాటలు రికార్డు చేయాలంటే ఏం తీసుకోవాలి, ఏం వదలాలి?

చండూరు మగ్గం (ప్రశ్న)

అందరికి నమస్తే. చండూరు, ఘట్టుప్పల్, పుట్టపాక దిక్కు మగ్గం పనిచేసి, నడుమల భివండి, షోలాపూర్, సూరత్ పోయి సాంచాలు (మరమగ్గాలు) నడిపి, మళ్ల ఊరికి తిరిగొచ్చిన పెద్దమనుషులు చానామంది ఉన్నరు. డెబ్బై నుంచి తొంభై ఏండ్ల వయసు. వాళ్ల మాటలు రికార్డు చేసి గ్రంథాలయంల పెట్టాలని అనుకుంటున్నం. మొదటి విడతల ఇరవై మంది. పని చేసేటోళ్లం నలుగురం, చేతిల ఉన్నది ముప్పై వేల లోపు.

నమూనా కోసం ఎతికితే కెనడా యూదుల మౌఖిక చరిత్రలు కనబడ్డయి. టొరంటోల స్పడైనా అవెన్యూ మీద బట్టల ఫ్యాక్టరీలల్ల కుట్టినోళ్లు, మాంట్రియల్ దర్జీలు, 1906ల సస్కాచెవాన్‌కు పోయి ఎడెన్‌బ్రిడ్జ్ అనే ఊరు కట్టుకొని ఎవుసం చేసినోళ్లు. ఊరు ఇడిచి పోయి, పని పట్టుకొని, సంఘాలు పెట్టుకున్నోళ్ల కథ గనుక మనకు దగ్గరగ అనిపించింది.

అడగాల్సింది ఏందంటే, వాళ్ల తీరుల మనకు పనికొచ్చేది ఏది? తారీఖులు యాదికి లేనోళ్లను ఎట్ల అడగాలె? మిషిన్ ఏది కొనాలె? కాయితం మీద సంతకం ఎప్పుడు తీసుకోవాలె? మొత్తం మాట పొల్లుపోకుండ రాయాల్నా, లేకుంటె పట్టిక చేస్తె సరిపోతదా? తెలిసినోళ్లు జర చెప్పున్రి.

పాత పహాణీ

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. కెనడా యూదుల తీరు అని ఒక్కటే లేదు. మూడు ధారలున్నాయి, వాటి ఉద్దేశాలు వేరు. ఈ తేడా పట్టించుకోకుండా ప్రశ్నావళి దించుకుంటే పని చెడుతుంది.

మొదటిది స్థానిక యూదు ఆర్కైవ్స్‌ది. బ్రిటిష్ కొలంబియాలో యూదు చారిత్రక సంఘం 1971లో, టొరంటోలో అంటారియో యూదు ఆర్కైవ్స్ 1973లో మొదలయ్యాయి. వీళ్లు అడిగేది మొత్తం జీవితం: ఏ ఊరి నుంచి వచ్చారు, ముందు ఎవరింట్లో దిగారు, తొలి జీతం ఎంత, ఏ వీధిలో దుకాణం, ఏ ప్రార్థనా మందిరం, పెళ్లి ఎవరు కుదిర్చారు.

రెండోది హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) నుంచి బయటపడినవాళ్ల సాక్ష్యాలు. వాంకూవర్‌లో మనోవైద్యుడు రాబర్ట్ క్రెల్ 1970ల చివర్లోనే ఇలాంటి వీడియోలు మొదలుపెట్టాడు. తర్వాత 1994లో అమెరికాలో పుట్టిన షోవా ఫౌండేషన్ కెనడాతో సహా అనేక దేశాల్లో సుమారు 52 వేల సాక్ష్యాలు తీసింది. వాళ్ల ఇంటర్వ్యూకు ఒక లెక్క ఉంది: యుద్ధానికి ముందు బతుకుకు సుమారు 20 శాతం, యుద్ధకాలానికి 60, తర్వాతి జీవితానికి 20. వాళ్ల ఉద్దేశానికి అది సరైన లెక్కే. కానీ కెనడాకు వచ్చాక నలభై యాభై ఏళ్లు ఎలా బతికారో చెప్పే భాగం చివర్లో నాలుగు మాటలకు కుదించుకుపోతుంది. వలస చరిత్ర రాసేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే. మీరు కూడా భివండి ముచ్చట్లకే టేపంతా పోసేస్తే, ఊరికి తిరిగొచ్చాక ఏం చేసి బతికారు, మళ్లీ మగ్గం ఎక్కారా లేదా అన్నది మిగలదు. చిన్నతనం, పని నేర్చుకోవడం, వలస, తిరిగి రావడం, ఇప్పటి బతుకు, ఈ ఐదింటికీ టైము ముందే పంచుకోండి. తిరిగి రావడానికి పావు వంతు కన్నా తగ్గించవద్దు.

మూడోది యూనివర్సిటీది. మాంట్రియల్‌లోని కాంకార్డియా విశ్వవిద్యాలయం 2007 నుంచి 2012 దాకా యుద్ధాలు, ఊచకోతల వల్ల ఊళ్లు వదిలి వచ్చినవాళ్లతో పెద్ద ప్రాజెక్టు చేసింది. యూదులతో పాటు రువాండా, కంబోడియా, హైతీ వాళ్లున్నారు, మొత్తం సుమారు 500 మంది. అక్కడి ప్రత్యేకత, చెప్పేవాళ్ల సంఘాలే పనిలో భాగస్వాములు. ఎవరిని అడగాలి, ఏది బయట పెట్టాలి అనేది ప్రొఫెసర్లు ఒక్కరే నిర్ణయించలేదు. మీకు ప్రశ్నలు మొదటి ధార నుంచి, మనుషులతో వ్యవహారం మూడో ధార నుంచి తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇంకొకటి, ఎవరిని అడగాలి అనేది. సంఘాల ఆర్కైవ్స్ అన్నిటికీ ఉన్న జబ్బు ఒకటుంది. ముందు సంఘం అధ్యక్షుల దగ్గరికి, డాక్టర్ల దగ్గరికి, పెద్ద వ్యాపారుల దగ్గరికి పోతారు. ఇంట్లో మిషన్ పెట్టుకుని ముక్కకింతని కుట్టిన ఆడవాళ్లు, అద్దెకు గదులిచ్చి వండిపెట్టినవాళ్లు జాబితాలో అడుగున ఉంటారు. మీ ఇరవై మందిలో కనీసం ఎనిమిది మంది ఆడవాళ్లు ఉండాలి. నూలును చట్రం మీద ఆసు పోసింది వాళ్లు, కండెలు చుట్టింది వాళ్లు, మొగవాళ్లు భివండిలో ఉన్నప్పుడు ఊళ్లో షావుకారు బాకీకి జవాబు చెప్పింది కూడా వాళ్లే.

తారీఖుల సంగతి. “ఏ సంవత్సరం?” అని అడగొద్దు. వయసు మీద పడినవాళ్లు మిమ్మల్ని సంతోషపెట్టడానికి ఏదో ఒక అంకె చెప్తారు, అది రికార్డులో నిజమై కూర్చుంటుంది. అందరికీ తెలిసిన ఘటన పక్కన పెట్టి అడగాలి. పోలీస్ యాక్షన్ (1948 సెప్టెంబరు), సాగర్ కాలువలకు నీళ్లు వదలడం (1967 ఆగస్టు), 1972 కరువు, బొంబాయి మిల్లుల సమ్మె మొదలవడం (1982 జనవరి), భివండి గొడవలు (1970లో ఒకసారి, 1984లో ఒకసారి). “సమ్మె ముందు పోయినవా, అయినంక పోయినవా?” అంటే ఠక్కున చెప్తారు. పండుగతో చెప్తే ఇంకా మంచిది, అయితే జాగ్రత్త. పీర్ల పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. పోలీస్ యాక్షన్ జరిగిన 1948లో అది నవంబరులో వచ్చింది. అప్పటి పీర్ల పండుగను ఎండాకాలంలో చెప్పారంటే సంవత్సరం ఇంకేదో అయి ఉంటుంది.

కెనడాలో కూడా ఇదే అవస్థ. ఫలానా పండుగకూ ఫలానా పండుగకూ మధ్య ఓడ దిగాం అంటారు. సమాధి రాళ్ల మీద సంవత్సరాలు హీబ్రూ లెక్కలో ఉంటాయి. అందులోంచి 3,760 తీసేస్తే మన లెక్కకు వస్తుంది: 5708 అంటే 1947–48. మనకు పాత కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంది కదా, దానికి 590 కలపాలి: 1358 ఫసలీ అంటే 1948–49. సంవత్సరం మొదలయ్యే నెల వేరు కాబట్టి ఎప్పుడూ రెండేళ్ల జంటగానే రాయండి.

మాటకూ కాగితానికీ పొత్తు కుదరనప్పుడు వెంటనే కాగితమే గెలిచినట్టు అనుకోవద్దు. కెనడా నుంచే ఉదాహరణ. 1947–48లో అక్కడి బట్టల పరిశ్రమ వాళ్లు యూరప్‌లోని శరణార్థి శిబిరాలకు పోయి దర్జీలను ఎంపిక చేసి తెచ్చుకున్నారు. కాగితాల్లో వచ్చినవాళ్ల వృత్తి దర్జీ. వాళ్లలో సూది సరిగ్గా పట్టరానివాళ్లు కూడా ఉన్నారని తెలిసింది తర్వాత వాళ్ల నోటినుంచే. అలాగే 1947–49 మధ్య 1,100 మందికి పైగా అనాథ పిల్లలను తీసుకున్నారు. 18 ఏళ్లలోపు వాళ్లకే అనుమతి కాబట్టి కొందరు వయసు తగ్గించి చెప్పారు. అక్కడ కాగితం తప్పు, మనిషి మాట ఒప్పు.

తిరగబడే సందర్భమూ ఉంది. 1933 ఆగస్టు 16న టొరంటోలోని క్రిస్టీ పిట్స్ మైదానంలో బేస్‌బాల్ ఆట అయ్యాక నాజీల స్వస్తిక గుర్తున్న గుడ్డ ఎగరేయడంతో గంటల తరబడి కొట్లాట జరిగింది. చాలామందికి గాయాలయ్యాయి, ఎవరూ చనిపోలేదు. ఆ తరం టొరంటో యూదులను అడిగితే దాదాపు అందరి దగ్గరా ఆ కథ ఉంటుంది, అక్కడ లేనివాళ్ల దగ్గర కూడా. మన దిక్కు 1946 జూలై 4, కడవెండిలో దొడ్డి కొమురయ్య మీద కాల్పుల సంగతి తీసుకోండి. ఆ ఊరి మొహం చూడనివాళ్లు సైతం కళ్లకు కట్టినట్టు చెప్తారు. వాళ్లది అబద్ధం కాదు, ఊరందరి కథ వాళ్ల కథలో కలిసిపోయింది అంతే. అడ్డు తగలకండి. పూర్తయ్యాక నెమ్మదిగా “అప్పుడు మీరు యాడ ఉన్నరు? ఈ ముచ్చట మీకు మొదలు ఎవరు చెప్పిన్రు?” అని రెండు ప్రశ్నలు వేయండి. చూసిందీ విన్నదీ వాళ్లే విడదీసి చెప్తారు.

వనపర్తి మైకు

మిషిన్ గురించి. ముప్పై వేలలో వీడియో పెట్టుకోకండి. ఆ డబ్బుకు వచ్చే వీడియోలో బొమ్మ నాసి, శబ్దం ఇంకా నాసి. చేతిలో ఇమిడే రికార్డర్ ఒకటి, తీగ ఉన్న కాలర్ మైకులు రెండు, 32 జీబీ మెమరీ కార్డులు రెండు, చెవుల మీద పూర్తిగా కూర్చునే హెడ్‌ఫోన్ ఒకటి, ఒక్కొక్కటి ఒక టీబీ హార్డ్ డిస్కులు రెండు. ఇవి చాలు. ఫొటోలకు ఫోన్ సరిపోతుంది.

సెట్టింగు: వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఒక మైకు అయితే గంటకు సుమారు 520 ఎంబీ, రెండు మైకులతో స్టీరియో అయితే గంటకు జీబీకి కొంచెం ఎక్కువ. 32 జీబీ కార్డు మీద స్టీరియో ముప్పై గంటల దాకా పడుతుంది. ఎంపీ3లో నేరుగా రికార్డు చేయొద్దు. తర్వాత శబ్దం బాగుచేయాల్సి వస్తే అందులో పోయిన వివరం తిరిగి రాదు. చాలా రికార్డర్లు రెండు జీబీ దగ్గర ఫైలును తుంచి కొత్తది మొదలుపెడతాయి. సగంలో ఆగిపోయిందని కంగారు పడకండి, రెండు ముక్కలనూ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి.

ఆటో లెవెల్ అని ఉంటుంది, అది తప్పకుండా ఆపేయాలి. మనిషి ఆలోచిస్తూ మాట ఆపినప్పుడల్లా అది ఫ్యాను మోతను పైకి లేపుతుంది, మాట మొదలవగానే అణిచేస్తుంది. వింటుంటే అల వచ్చి పోతున్నట్టు ఉంటుంది, దాన్ని ఎవడూ బాగుచేయలేడు. చేత్తో లెవెల్ పెట్టండి. మామూలుగా మాట్లాడించి, గట్టి మాట మైనస్ 12 డెసిబెల్ దగ్గర తగిలేలా చూసుకోండి. నవ్వినప్పుడు, కోపంగా చెప్పినప్పుడు పైకి పోవడానికి ఆ ఖాళీ కావాలి.

కాలర్ మైకు గదవకు జానెడు కింద, బట్ట మడత రాకుండా. కొంగు, కండువా రాసుకుంటే గరగర వస్తుంది. అందుకే ఆడవాళ్లకు కొంగు లేని భుజం వైపు జాకెట్ అంచుకు, మొగవాళ్లకు చొక్కా రెండో గుండీ దగ్గర. తీగను ఒక చుట్టు వదులుగా వేసి పిన్నుతో పట్టిస్తే లాగినప్పుడు టక్కుమనదు.

సాంచాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు చెవుడు ఎక్కువ. మీ పెదాలు వాళ్లకు కనబడేలా ఎదురుగా, మూడడుగుల దూరంలో కూర్చోండి. వెలుగు మీ మొహం మీద పడాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మీ మొహం నల్లగా కనబడి “ఆ? ఏందీ?” అనే మాటలతోనే టేపు నిండుతుంది.

మగ్గం ఉన్న గదిలో మాట్లాడించవద్దు. పక్కింటి మగ్గం ఆడుతున్నా అటూఇటూ పోయే నాడె దెబ్బ రికార్డులో ప్రతి మాట మీదా పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను ఆపమనడం పాపం. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిలోపు పెట్టుకోండి. ఫ్రిజ్ ఉంటే ప్లగ్ తీసి, దాని మీద మీ బండి తాళంచెవి పెట్టండి. లేకపోతే మళ్లీ పెట్టడం మర్చిపోయి వాళ్ల పాలు విరుగుతాయి. మగ్గం శబ్దం మాత్రం కావాలి, దాన్ని విడిగా పది నిమిషాలు తీసుకోండి: పడుగు సర్దడం, ఆసు పోయడం, నాడె ఆడటం, అచ్చు కొట్టడం వేర్వేరుగా.

మాట మొదలవకముందు గది నిశ్శబ్దం ముప్పై సెకన్లు. ఆ తర్వాత తారీఖు, ఊరు, ఎవరు అడుగుతున్నారు, ఎవరు చెప్తున్నారు, ఎన్నో విడత అన్నది పలకండి. కాగితం పోయినా టేపు మీద గుర్తు ఉంటుంది. గంట, మహా అయితే గంటన్నర. మునుగోడు, చండూరు, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్‌తో మెడ, నడుము పట్టేసిన పెద్దలు చాలామంది. వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి గంట లాగొద్దు. మంచం మీద వాళ్లకు అలవాటైన తీరులో ఒరిగి మాట్లాడనివ్వండి, అరగంటకోసారి ఆపండి. కాలర్ మైకు ఉంటే ఏ భంగిమ అయినా ఫరవాలేదు.

ఫోన్‌తో తప్పనిసరి అయితే ఫ్లైట్ మోడ్. నడుమ కాల్ వస్తే కొన్ని యాప్‌లు రికార్డింగ్ ఆపేసి, మళ్లీ మొదలవ్వవు.

చండూరు మగ్గం

పహాణీ అన్నా, మైకు అన్నా, చాన మంచిగ చెప్పిన్రు. ఇంకో రెండు చిక్కులు. ఇంట్ల కొడుకో కోడలో పక్కన కూసుంటె పెద్దమనిషి నోరిప్పడు, లేకుంటె కొడుకే జవాబు చెప్తడు. రెండోది, పాత సంగతులల్ల షావుకార్ల పేర్లు, ఊరి పెద్దల పేర్లు వస్తయి, వాళ్ల మనుమలు ఇప్పుడు గదే ఊర్ల ఉన్నరు. పైసలు ఏమన్న ఇయ్యాల్నా అని గూడ అడుగుతున్నరు మావోళ్లు.

గద్వాల అక్క

తమ్ముడూ, కొడుకుతో పోట్లాట పెట్టుకోకు, అతనికి పని పెట్టు. మీరు నలుగురున్నారు కదా. ఒకరు లోపల పెద్దాయనతో, ఒకరు బయట అరుగు మీద కొడుకుతో పాత ఫొటోలు, రేషన్ కార్డు, సొసైటీ పాస్‌బుక్ చూస్తూ కూర్చోవాలి. కొడుకుకు కూడా తన లెక్క చెప్పుకునే చోటు దొరుకుతుంది. షోవా ఫౌండేషన్ వాళ్లు ఇంటివాళ్లను చివర్లో కెమెరా ముందుకు పిలిచేవాళ్లు, ఫొటోలు కూడా చివర్లోనే చూపించేవాళ్లు. ఆ వరస మంచిది. మొదట్లోనే పాత ఫొటోలు బయటికి తీస్తే మాట ఫొటోల చుట్టే తిరుగుతుంది.

వాళ్ల ఫొటోలు మీ ఇంటికి పట్టుకుపోవద్దు, అక్కడే కాపీ తీసుకోండి. స్కానర్ మోసుకుపోగలిగితే 600 డీపీఐ. వెనక వైపు తప్పకుండా. స్టూడియో ముద్ర, ఊరి పేరు, తారీఖు అక్కడే ఉంటాయి.

సంతకం విషయం చాలామంది తిరగేసి చేస్తారు. మాట మొదలవకముందే కాగితం చేతిలో పెడితే, ఏం చెప్పబోతున్నారో వాళ్లకే తెలియదు, దేనికి ఒప్పుకుంటున్నట్టు? మొదట్లో రికార్డు చేయడానికి మాత్రమే ఒప్పుదల, అది నోటితో, టేపు మీద. ఎప్పుడైనా ఆపమనొచ్చు, ఏ ప్రశ్నకైనా చెప్పనని అనొచ్చు అని కూడా టేపు మీదే చెప్పాలి. బయట పెట్టడానికి ఒప్పుదల మాట పూర్తయ్యాక, కుదిరితే వారం తర్వాత, రికార్డింగ్ కాపీ వాళ్ల చేతికిచ్చి, విన్నాక. కెనడాలో యూనివర్సిటీ పరిశోధనలకు దేశమంతటికీ ఒకే నైతిక నియమావళి ఉంది, దాని ప్రకారం ఒప్పుదల అనేది ఒకసారి సంతకంతో అయిపోయేది కాదు, పని జరిగినంత కాలం కొనసాగేది. మనకు ఆ నియమం వర్తించకపోయినా పద్ధతి మాత్రం న్యాయమైనది.

కాగితంలో ఒకే పేజీ, తెలుగులో, పెద్ద అక్షరాలు. “అన్నిటికీ ఒప్పుకుంటున్నాను” అనే ఒక్క వాక్యం వద్దు. గ్రంథాలయంలో కూర్చుని వినొచ్చా, ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా, అసలు పేరు వేయాలా మారుపేరా, ఫలానా భాగం ఎన్నేళ్లు మూసి ఉంచాలి, వాళ్లు పోయాక ఈ విషయంలో ఎవరి మాట చెల్లుతుంది, రికార్డింగ్ మీద హక్కు ఎవరి పేర ఉంటుంది, వీటికి విడివిడిగా అవును-కాదు గడులు ఉండాలి. చదవరాని వాళ్లకు చదివి వినిపించి, ఆ వినిపించడం కూడా రికార్డు చేసి, తర్వాత వేలిముద్ర. సాక్షి సంతకం ఇంటివాళ్లది కాకుండా బయటివాళ్లది అయితే మేలు.

ఊరివాళ్ల పేర్ల గురించి. అసలు టేపును ఎప్పుడూ కోయకండి. అది ఉన్నది ఉన్నట్టు తాళంలో ఉండాలి. వినడానికి ఇచ్చే కాపీలో మాత్రం పేరు దగ్గర శబ్దం ఆపండి, ఆపిన చోటు, నిమిషం, కారణం ఒక పుస్తకంలో రాయండి. పేరు మాత్రమే తీస్తే సరిపోతుందని కూడా అనుకోవద్దు. “రావిచెట్టు కాడి రెండంతస్తుల మిద్దె ఆయన” అంటే ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. అలాంటి చోట ఆ రెండు నిమిషాలూ మూసేయడమే దారి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం హోలోకాస్ట్ సాక్ష్యాల జాబితాలో చెప్పినవాళ్ల పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే కనబడేలా పెట్టింది. మనకు మొదటి అక్షరం కూడా ఎక్కువే, పద్మశాలి వాడలో ఇంటిపేర్లు పది దాటవు.

ఏడుపు వస్తే రికార్డర్ చటుక్కున ఆపొద్దు, అది తప్పు చేసినట్టు వాళ్లకు అనిపిస్తుంది. నీళ్లివ్వండి, “ఆపమంటారా?” అని అడగండి, వాళ్ల మాట ప్రకారం చేయండి. ఆ రోజు చివరి పది నిమిషాలు ఇప్పటి సంగతుల మీదికి తేవాలి, మనుమల చదువో, ఇంటి వెనక కూరగాయలో. పాతదంతా తోడి మధ్యలో వదిలేసి వస్తే రాత్రికి వాళ్లకు నిద్ర పట్టదు.

పైసలు ఇవ్వవద్దు. ఒకరికిచ్చి ఒకరికివ్వకపోతే వాడలో తగువు, అందరికీ ఇస్తే “ఏం చెప్తే ఎక్కువిస్తరు” అనే అనుమానం. కానీ నేసే మనిషి పొద్దున రెండు గంటలు మగ్గం దిగితే కూలి పోతుంది, అది కట్టివ్వడం న్యాయం. అది ఇవ్వండి, రాసి ఇవ్వండి. అందరికీ పెన్‌డ్రైవ్‌లో కాపీ, ఒక మంచి ఫొటో ఫ్రేమ్ కట్టించి.

పాత పహాణీ

రాతపని గురించి ఎవరూ అనలేదు, అది నేనే చెప్తాను. గంట మాటను పొల్లుపోకుండా రాయడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, యాస ఉంటే ఇంకా ఎక్కువ. ఇరవై మంది, ఒక్కొక్కరు రెండు విడతలు అంటే యాభై గంటల టేపు. నలుగురితో అది సగంలో ఆగిపోవడం ఖాయం. షోవా ఫౌండేషన్ అన్ని వేల సాక్ష్యాలనూ మొదట రాతలోకి దించలేదు, నిమిషం నిమిషానికీ ముక్కలు చేసి సూచిక కట్టింది. మీకు నిమిషం అక్కర్లేదు, మూడు నాలుగు నిమిషాలకో వరుస చాలు: టైము, విషయం, మనుషులు, ఊళ్లు, పనిముట్లు. గంట టేపుకు రెండు గంటల పని. కెంటకీ విశ్వవిద్యాలయం వాళ్ల ఓహెచ్‌ఎంఎస్ అనే ఉచిత సాధనం ఉంది, సూచికలో వరుస నొక్కితే టేపు అక్కడికి దూకుతుంది. అది తర్వాత సంగతి, ముందు మామూలు స్ప్రెడ్‌షీట్‌లో మొదలుపెట్టండి.

యూనికోడ్‌లోనే టైపు చేయండి. డీటీపీ సెంటర్‌కు ఇచ్చి అను ఫాంట్లలో కొట్టిస్తే రేపు “ఆసు” అని వెతికితే ఒక్కటీ దొరకదు.

ఊళ్ల పేర్లకు వేరే పట్టిక కావాలి. కెనడా వాళ్ల తలనొప్పుల్లో ఇది పెద్దది. ఒకే నగరాన్ని ఒకరు లెంబర్గ్ అంటారు, ఇంకొకరు ల్వూఫ్ అంటారు, ఇప్పటి పేరు ల్వీవ్, దేశమేమో ఆస్ట్రియా, పోలండ్, సోవియట్, ఉక్రెయిన్ అని మారుతూ వచ్చింది. మనకు 2016 అక్టోబరు జిల్లాల విభజన చాలు తికమకకు. పుట్టపాక వాళ్లు నల్లగొండ జిల్లా అంటారు, ఇప్పుడది యాదాద్రి భువనగిరి. కడవెండి జనగామలోకి పోయింది. నారాయణపేట 2019లో మహబూబ్‌నగర్ నుంచి విడిపోయింది, పైగా పుట్టపాక పక్కనే సంస్థాన్ నారాయణపూర్ ఉంది, షోలాపూర్ ముచ్చట్లలో ఈ రెండూ కలిసిపోతాయి. చెప్పినవాళ్లు అన్న పేరు ఒక గడిలో, ఇప్పటి గ్రామం-మండలం-జిల్లా ఇంకో గడిలో. చెప్పిన పేరును దిద్దవద్దు.

సాగర్ ఎడమ కాలువ

ఒక్క చోట పహాణీ గారితో ఒప్పుకోను. సూచిక చాలు అంటే చెవుడున్నవాళ్లు, ఊళ్లో చదువుకునే పిల్లలు వాడలేరు. ఇరవైలో నాలుగైదు మంచివి ఎంచి పూర్తిగా రాయండి. రాసేటప్పుడు “పోయిండు”ను “వెళ్ళాడు” చేయొద్దు. ఫోన్లో మాటను రాతగా మార్చే యాప్‌లు చేసేది అదే, పుస్తకాల తెలుగులోకి దిద్దేస్తాయి, “సాంచా” లాంటి పని మాటల్ని ఇంకేదో మాటగా మారుస్తాయి. మొదటి చిత్తుకు వాడుకుని, టేపు వింటూ మొత్తం సరిచూసుకోవాలి. పాత కెనడా ఇంటర్వ్యూలు చాలావరకు ఇంగ్లిష్‌లో జరిగాయి. 1931 జనగణనలో అక్కడి యూదుల్లో 95 శాతానికి పైగా మాతృభాష యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) అని రాయించుకున్నవాళ్లే. ఆ నష్టం మనం కావాలని తెచ్చుకోవడం దేనికి? భివండిలో హిందీ, మరాఠీ మాటలు కలిపి మాట్లాడితే అవీ అలాగే ఉంచండి.

కాపీలు మూడు: ఒక హార్డ్ డిస్క్ మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్లో, ఒకటి ఆన్‌లైన్‌లో. రెండు డిస్కులూ ఒకే బీరువాలో పెడితే అది ఒక్క కాపీ కిందే లెక్క. ఏడాదికోసారి తెరిచి నాలుగు ఫైళ్లు వినాలి.

చండూరు మగ్గం

అందరికి శరణు. ఒక్కటి మర్చిన. సంఘం ఆఫీసుల 1990ల మీటింగుల క్యాసెట్లు ఒక డబ్బ నిండ ఉన్నయి. వాటిని టేప్ రికార్డర్ల పెట్టి ఫోన్‌తోని రికార్డు చేస్తె నడుస్తదా?

వనపర్తి మైకు

నడవదు తమ్మీ. గది మోతంతా ఎక్కుతుంది. టేప్ డెక్ లైన్-అవుట్ నుంచి రికార్డర్ లైన్-ఇన్‌కు తీగ వేయాలి, మైక్-ఇన్‌కు వేస్తే పగిలిపోయిన శబ్దం వస్తుంది. రికార్డర్‌కు లైన్-ఇన్ లేకపోతే లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో కార్డు దొరుకుతుంది. హెడ్డు, రబ్బరు చక్రం ముందు శుభ్రం చేయండి. హెడ్డుకు దూది పుల్ల మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రబ్బరుకు సబ్బు నీళ్ల తడి. ప్రతి క్యాసెట్‌నూ ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా తిప్పాక ప్లే చేయండి, ఏళ్ల తరబడి ఒకే చుట్టగా ఉన్న టేపు అంటుకుని ఉంటుంది. తెల్ల బూజు కనబడితే దాన్ని డెక్‌లో అసలు పెట్టొద్దు, మిగతావాటికి ఎక్కుతుంది, పక్కకు తీసి పెట్టండి. అరవై నిమిషాల క్యాసెట్‌కు అరవై నిమిషాలూ పడుతుంది, అడ్డదారి లేదు. అన్నిటికంటే ముందు, డబ్బాలోంచి తీయగానే ప్రతి క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ చెవులు విరగ్గొట్టండి. అవి ఉంటే ఎవరైనా పొరపాటున రికార్డు బటన్ నొక్కితే పాత మాట చెరిగిపోతుంది.